గాలం పక్కన కూర్చుని తీసిన పిట్టలు

పోయిన నెల నా దగ్గర మిగిలిన పాత నెగెటివ్‌లన్నీ మూటగట్టి, హనుమకొండలో ఒక ఫొటోల షాపులో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నాను. నాలుగు రోజుల తర్వాత వెళితే, ఆ షాపు నడిపే అమ్మాయి తెర మీద ఒక్కొక్కటీ జరుపుతూ, "మేడం, ఒకటి అడగాల్నా? ఇయ్యన్ని ఒక్క తీర్గ ఉన్నయేంది? మా దోస్తులు తీసిన ఫొటోలల్ల పిట్టను పైనుంచి చూసినట్టుంటది. మీయి చూస్తే మీరు నీళ్లలో ఉండి తీసినట్టు ఉన్నయి" అంది. అన్నేళ్లుగా దాచుకున్న నేను అంతవరకు అది గమనించలేదు. నిజంగానే దాదాపు ప్రతి ఫొటోలోనూ అడుగున నీళ్లు, నీళ్లకు కాస్త పైన, నా కంటికి సరిసమానంగా ఒక పిట్ట. కొన్నింట్లో ఓ మూలన సన్నటి నల్లగీత అడ్డం వచ్చింది. అది వెదురు కట్టె కొస. "కూసోని తీసిన బిడ్డా, మా బాపు గాలం పక్కన" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, అన్నింటినీ చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి, కొన్నింటిని కాగితం మీద ముద్రించి కవరులో పెట్టి ఇచ్చింది. ఇంటికి వచ్చేదాకా ఆగలేక ఆటోలోనే ఆ కవరు విప్పాను.

మా బాపు కాజీపేటలో గూడ్సు బండి డ్రైవరు. రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం, అమ్మా బాపూ నేనూ. మా ఇంట్లో పగలు పగలులా ఉండేది కాదు. ఏ వేళకో డ్యూటీ దిగి వచ్చి బాపు పడుకుంటే, అమ్మ కిటికీలకు పాత దుప్పట్లు కట్టేది. గిన్నెలు చప్పుడు కాకుండా తోమాలి, తలుపు గొళ్లెం వేలితో పట్టుకుని జార్చాలి. పక్కింటి వాళ్లు చింతపండు కొట్టుకున్నా అమ్మ గోడ మీదుగా తల పెట్టి, "జర ఆగుండ్రమ్మా, మనిషి పండిండు" అనేది. అంత జాగ్రత్తగా మేం తిరుగుతుంటే, రెండు వందల అడుగుల దూరంలో ఇంజన్లు కూతలు పెట్టేవి, పట్టాల మీద డబ్బాలు ఢీకొట్టుకునేవి. వాటికి బాపు కదిలేవాడు కాదు. నేను చెంచా కింద పడేస్తే మాత్రం లేచేవాడు. నిద్ర లేచాక ఎర్ర సబ్బుతో చేతులు కడుక్కునేవాడు, మోచేతుల దాకా, మూడుసార్లు. ఎంత కడిగినా డీజిలు వాసన పోయేది కాదు. ఇప్పటికీ బస్టాండులో ఎక్కడైనా ఆ వాసన తగిలితే, కిటికీలకు దుప్పట్లు కట్టిన ఆ చీకటి గది, చాప మీద బాపు వీపు కనిపిస్తాయి.

డ్రైవర్లకు ఆదివారం అంటూ ఉండదు, రెస్టు దొరికిన రోజే ఆదివారం. కానీ నేను హనుమకొండలో డిగ్రీలో చేరాక, నాకు సెలవుండే రోజే తనకూ రెస్టు పడేలా బాపు ఎవరెవరినో బతిమాలి డ్యూటీలు మార్చుకునేవాడు. ఆ ఆదివారం తెల్లారక ముందే రెండు సైకిళ్ల మీద ధర్మసాగర్ చెరువుకు బయలుదేరేవాళ్లం. ముందురోజు సాయంత్రమే గోధుమపిండిలో కాస్త బెల్లం, పసుపు వేసి గాలానికి పెట్టే ముద్ద పిసికి పెట్టుకునేవాడు. అమ్మ డ్యూటీ టిఫిన్ డబ్బాలోనే పెరుగన్నం, ఉల్లిగడ్డ, మామిడి తొక్కు పెట్టేది. ఆమె మరిపెడ వైపు వ్యవసాయం చేసే ఇంటి బిడ్డ. పని లేకుండా కూర్చోవడం ఆమెకు అర్థమయ్యేది కాదు. "పొద్దంత నీళ్ల దిక్కు చూసుకుంట కూసుంటరు, తండ్రీ బిడ్డలు. కొరమట్ట తెస్తరనుకుంటె కొంగ ఫొటో తెస్తరు. అదేమన్న పులుసు పెట్టుకుంటమా?" అనేది. చేప తెచ్చిన రోజున మాత్రం పెరట్లో బండ మీద బూడిదతో రుద్ది, పొలుసు తీసి, మెంతులు వేయించి పులుసు పెట్టి, మొదటి ముక్క బాపు కంచంలో కాదు, నా కంచంలో వేసేది.

కెమెరా మాకు అనుకోకుండా వచ్చింది. కాజీపేటలో రిటైరై ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు, సామాను తేలిక చేసుకుంటూ దాన్ని బాపు చేతిలో పెట్టాడట. తోలు సంచిలో బరువైన నల్లటి కెమెరా. దూరాన్ని దగ్గరకు లాక్కొచ్చే అద్దం దానికి లేదు. మొదటి రీలు కడిగించి చూస్తే చెరువే ఉంది, పిట్టలు లేవు. బాపు భూతద్దం పెట్టి వెతికి, నువ్వుగింజంత మరకను చూపించి, "ఇగో, ఇది నారాయణ పక్షి" అని నవ్వాడు. తర్వాతి ఆదివారం నేను ఒడ్డు వెంట వంగి వంగి వాటి దగ్గరకు పోవాలని చూశాను. ఒక్కటీ నిలవలేదు. అప్పుడు బాపు, "నువ్వు పోతె అయ్యి పోతయి బిడ్డా. గాలం ఏసినోడు చాప ఎనుక ఉరుకుతడా? ఇట్ల కూసో. చెయ్యి కదపకు, కన్ను కదుపు" అన్నాడు.

అలా కూర్చోవడం నేర్చుకున్నాను. గంట గడిచాక మనం ఒడ్డున ఉన్న బండల్లో ఒకరమైపోతాం. బుడుబుంగలు మునిగి, ఇంత దగ్గరలో తేలి, మమ్మల్ని చూసి కూడా చూడనట్టు మళ్లీ మునిగేవి. బాపు రెండో గాలం కట్టెను నీటి మీదికి వాల్చి వదిలేస్తే, దాని కొసన లకుముకి పిట్ట వచ్చి వాలేది. మొదటిసారి అది వాలినప్పుడు నా గుండె చప్పుడుకే ఎగిరిపోతుందేమో అనిపించింది. నీలం రంగు ఎంతుందో చెప్పలేను, ఫొటోలో అది బూడిద రంగే. పిట్టలకు బాపు తన పేర్లు తాను పెట్టుకున్నాడు. ఒంటికాలి మీద కదలకుండా నిలబడే నారాయణ పక్షి స్టేషన్ మాస్టరు. నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, టక్కున కిందికి దూకే నలుపూ తెలుపుల లకుముకి టీసీ. "టీసీ వచ్చిండు, టికెట్ లేని చాప అయిపోయింది" అనేవాడు గుసగుసగా. ముప్పై ఆరు ఫొటోల రీలు మూడు నెలలు రావాలి కాబట్టి, ఒక్కో ఆదివారం మూడో నాలుగో తీసేదాన్ని. కడిగించి తెచ్చిన రోజున బాపు గడప మీద వెలుతురులో కూర్చుని, భూతద్దంతో ఒక్కొక్క ఫొటోను ఎంతసేపో చూసేవాడు. "ఇది ఎప్పుడొచ్చింది? నేను చూడనే లేదు" అనేవాడు. గాలం తాడుకు కట్టి నీటి మీద తేలేసిన బెండు మీదే ధ్యాస ఉంచి ఉంటాడని అనుకునేదాన్ని.

డిగ్రీ రెండో ఏడాది, వానలు తగ్గిన ఒక ఆదివారం. నీళ్లు నిండుగా ఉన్నాయి. మేం ఎప్పుడూ కూర్చునే తుమ్మచెట్టు కిందే కూర్చున్నాం. కొంతసేపటికి బాపు అవతలి ఒడ్డు వైపు గడ్డం ఎత్తి, "ఇయ్యాల కొంగలు మస్తు దిగినయి బిడ్డా. ఆ బండల మీద చూడు, ఎంత పెద్ద గుంపో. ఫిల్ము ఉన్నదా?" అన్నాడు. చూశాను. బండల మీద ఎవరో బట్టలు ఉతికి ఆరేశారు. ధోవతులు, దిండు గలేబులు, ఒక తెల్ల చీర. బాపు పరాచికాలు ఆడతాడు కదా అని నవ్వి, "ఎగిరినప్పుడు తీస్త బాపూ" అన్నాను. "అట్లనే. గట్టిగ మాట్లాడకు, ఎగురుతయి" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ గొంతు తగ్గించడంతో నా నవ్వు ఆగిపోయింది. బాపు ముఖం చూశాను. కళ్లు చికిలించి, ఆ బట్టల వైపు ఇష్టంగా చూస్తున్నాడు. అదే సమయానికి ఆయన ముందున్న బెండు మునిగింది, పూర్తిగా మునిగింది. ఆయన చెయ్యి కదల్లేదు. తాడు వేలిని లాగాక మాత్రమే కట్టె ఎత్తాడు. అప్పటికి చేప వదిలించుకుని పోయింది. కొన్ని నెలలుగా నేను చూస్తూ కూడా ఆలోచించనివన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. సన్నటి బెండు తీసేసి నిమ్మకాయంత బెండు కట్టాడు. దానికి ఎర్ర రంగు పూశాడు. తర్వాత తాడును వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. దారిలో ఎప్పుడూ తాను ముందు తొక్కేవాడు, ఈ మధ్య "నువ్వు ముందు నడువు బిడ్డా, నేను ఎనుక వస్త" అంటున్నాడు.

"బాపూ, అవి కొంగలు కావు. ఎవరో బట్టలు ఆరేసిండ్రు" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. "అట్లనా" అని, తాడు మెల్లగా చుట్టుకున్నాడు.

"ఎన్ని దినాల సంది?"

"ఎండకాలం సంది. ముందుగాల ఎడమ కన్ను. ఇప్పుడు కుడిదానికి సుత పొర కమ్ముతాంది. దగ్గరియి మంచిగనే కనబడతయి."

"మరి బండి ఎట్ల నడుపుతానవ్?"

"సారయ్య ఉన్నడు గద. సిగ్నల్ ఆయన సూసి చెప్తడు, నేను మల్ల చెప్త. రూలే గది."

సారయ్య కాక బాపు కింద అసిస్టెంటు డ్రైవరు. ఇద్దరూ సిగ్నల్‌ను ఎవరికి వారు చూసి, ఒకరికొకరు బయటికి చెప్పుకోవాలి. అది రూలని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు, ఇంట్లో ఆట ఆడేవాళ్లం. "నువ్వు చూడకుంటనే చెప్తానవా?" అని అడిగాను. "నీ డిగ్రీ అయ్యేదాక ఫికర్ చెయ్యకు. కండ్ల పరీక్ష ఇంకో ఏడాదికి గాని రాదు. అమ్మకు చెప్పకు" అన్నాడు. మళ్లీ, "ఇంజను దిగినంక నేనేం చెయ్యాలె బిడ్డా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను అడిగినట్టు లేదు. ఆ రోజు ఒక్క ఫొటో కూడా తీయలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేనే ముందు తొక్కాను, గుంతలు వచ్చిన ప్రతిచోటా గంట కొడుతూ.

ఆ వారం బాపు బల్లార్షా వైపు బండి తీసుకుని వెళ్లాడు. నల్లటి ఇనుప పెట్టె భుజాన పెట్టుకుని గేటు దాటుతుంటే అమ్మ ఎప్పటిలాగే, "పదిలం" అంది. క్లాసులో కూర్చుంటే బోర్డు మీద రాసేది కనిపించేది కాదు. కాజీపేట మీదుగా పోయే ప్రతి బండి కూతకూ రాసేది ఆపేదాన్ని. గురువారం ఆయన క్షేమంగా తిరిగొచ్చాడు. తలుపు తీసి ఆయన్ను చూడగానే సంతోషం కలగాల్సింది, కోపం వచ్చింది. మళ్లీ వెళతాడు కదా అని. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం వసారాలో కూర్చుని పిండిముద్ద పిసుకుతున్నాడు. ఎదురుగా నిలబడి, "రేపు నేను రాను" అన్నాను.

"కాలేజి పనా?"

"కాదు. నువ్వు దవాఖానకు పొయ్యేదాక నేను చెర్వుకు రాను. నీ బండికి ఎదురుంగ వచ్చే బండ్లె సుత ఎవరో ఒకరి బాపు ఉంటడు."

ఆయన చేతులు ఆగాయి. వంటింట్లోంచి అమ్మ, "దవాఖాన ఏంది బిడ్డా? ఎవరికి?" అని కేకేసింది. "ఏం లేదు, జర సర్ది" అన్నాడు బాపు. నేను లోపలికి వెళ్లిపోయాను. తెల్లారి ఆదివారం ఆయన ఒక్కడే వెళ్లాడు. నేను తలుపు దాకా కూడా రాలేదు.

సోమవారం పొద్దున బయటికి వెళ్లిన బాపు మధ్యాహ్నం సారయ్య కాకతో కలిసి ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంజను దించిండ్రు" అన్నాడు అమ్మతో. అమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. "అన్నం తిన్నవా?" అని అడిగింది. సారయ్య కాక వసారా స్తంభం పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన ఏడుస్తున్నాడని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

తర్వాత సికింద్రాబాద్‌లో బాపుకు రెండు కళ్లకూ ఆపరేషన్లు జరిగాయి. సీసా అడుగులాంటి దళసరి అద్దాలు వచ్చాయి. అద్దాల వెనక ఆయన కళ్లు ఎంత పెద్దవిగా కనిపించేవంటే, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే ఉండేవాడు. షెడ్డు స్టోర్లో నూనె గుడ్డలు, దీపాలు ఇచ్చే పని ఇచ్చారు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. కిటికీలకు దుప్పట్లు కట్టే అవసరం పోయింది. అమ్మ వాటిని ఉతికి మడతపెట్టింది. ఇంట్లో అందరిళ్లలోలాగే పగలూ రాత్రీ వేరువేరయ్యాయి. ప్రతి ఆదివారం ఆయనకు సెలవే. గాలం కట్టెలు మాత్రం అటక మీదే ఉండిపోయాయి.

ఇక్కడే నాకు ఇప్పటికీ మనసు పట్టేస్తుంది. నేనన్నది దవాఖానకు పోయేదాకా రానని. ఆయన వెళ్లాడు. ఇక నేను "పోదాం పా బాపూ" అనాలి. అంతే. కానీ ఆయనే పిలుస్తాడని నేను ఎదురుచూశాను. ఇంజను దింపిన బిడ్డతో చెరువుకు పోవాలని ఆయనకు లేదేమో అనుకున్నాను. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకుంటూ ఉండగానే పరీక్షలొచ్చాయి, ఆ తర్వాత బీఎడ్, మరిపెడలో స్కూలు ఉద్యోగం, పెళ్లి. కోపమనేది ఆయన ముఖంలో ఏనాడూ చూడలేదు. నేను వస్తే ఎదురొచ్చి సంచి అందుకునేవాడు. పాత ఫొటోలు తీసి భూతద్దంతో చూస్తూ ఉండేవాడు. ఒకసారి వెళ్లేసరికి గాలం కట్టెలు లేవు. ఎవరికో ఇచ్చేశానన్నాడు.

ఆయనకు డెబ్బై దాటాక, అమ్మ పోయిన ఏడాది, ఒక చలికాలం పొద్దున నేనే పట్టుబట్టి ఆటో మాట్లాడి ధర్మసాగర్ తీసుకెళ్లాను. గాలం లేదు, నా దగ్గర మామూలు చిన్న కెమెరా ఉంది. కట్ట మీద కూర్చోబెట్టి శాలువా కప్పాను. దూరంగా ఉన్నవేవీ ఆయనకు సరిగా ఆనడం లేదు. కానీ ప్రతి కూతా విని, "తీతువు. అగో అది బుడుబుంగ. టీసీ వచ్చిండు చూడు" అని చెబుతూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు. కాసేపటికి నేను ధైర్యం చేసి, "బాపూ, ఆనాడు నేను గట్ల అనకుంటె నువ్వు ఇంకిన్ని దినాలు ఇంజను మీద ఉందువేమో" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ మాటతోని నేను దిగలేదు బిడ్డా. ఆ వారమే బల్లార్షా నుంచి వస్తాంటె పచ్చ సిగ్నల్‌కు బండి ఆపిన. ఏ రంగో తెల్వలె నాకు. సారయ్య, 'అన్నా, పచ్చనే' అన్నడు. గప్పుడే అనుకున్న, ఇగ దిగాలె అని. నువ్వు మనసుల పెట్టుకోకు" అన్నాడు. ఎన్నో ఏళ్ల బరువు దిగినట్టయింది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఇద్దరం పిల్లల్లా మాట్లాడుకున్నాం. రెండేళ్ల తర్వాత బాపు పోయాడు.

ఇప్పుడు నా దగ్గర చేయంత పొడుగు అద్దమున్న కెమెరా ఉంది. కట్ట మీద కారు ఆపుకుని, నిలబడే, ఒక్క పొద్దునలో మూడు వందల ఫొటోలు తీస్తాను. లకుముకి కంటిలో సూర్యుడు కూడా కనిపిస్తాడు. పక్కన నిలబడిన పిల్లలు ఫోను చూసి పిట్ట పేరు చెబుతారు, మంచి పిల్లలు, నాకంటే ఎక్కువ తెలుసు. వందల్లోంచి మంచివి ఏరుకుని మిగతావి తుడిచేస్తాను. అయినా ఒక్క పిట్ట కూడా నాకు గుర్తుండటం లేదు. ఆ పాత రీళ్లలో ఏది ఏ ఆదివారం వచ్చిందో, అప్పుడు బాపు ఏమన్నాడో అన్నీ చెప్పగలను.

ఆటోలో ఆ కవరు విప్పిన రోజునే, ముద్రించిన ఫొటోలు పట్టుకుని కాజీపేటలో సారయ్య కాక ఇంటికి వెళ్లాను. ఎనభై దాటినా మనిషి గట్టిగానే ఉన్నాడు. ఒక్కొక్క ఫొటో చూసి, "ఇది అన్న గాలమే" అని కట్టె కొసను వేలితో తడిమాడు. మాటల్లో నేను ఆ పచ్చ సిగ్నల్ సంగతి ఎత్తాను. ఆయన తల ఎత్తి, "పచ్చకు ఆగుడేంది? ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు.

"బాపే చెప్పిండు కాకా. బల్లార్షా నుంచి వస్తాంటె..."

"లేదు బిడ్డా. మేం ఏనాడు పచ్చకు ఆగలె. నేను ఉండంగ ఎందుకు ఆగుతం? అన్నకు కనబడతలేదని నాకు ఆర్నెల్ల ముందుగాల్నే తెల్సు. సిగ్నల్ రెండుసార్లు గట్టిగ చెప్పేటోన్ని. చెప్పాల్సింది ఆయనకు కాదు, ఆఫీసుల. నా నోరు రాలె. ఆ తప్పు నాది." ఆయన కాసేపు ఫొటోను అటూ ఇటూ తిప్పాడు. "ఆ ఆదివారం మాపటికి మా ఇంటికొచ్చిండు. సైకిల్ మీద్నుంచి పడ్డట్టున్నడు, మోకాలు దోక్కపోయింది. 'నా బిడ్డ చెర్వుకు రానన్నది సారయ్యా. ఒక్కన్నే కూసున్న. ఏ పిట్ట వచ్చిందో చెప్పేటోళ్లు లేరు. నాతోని కాదు. రేపు దవాఖానకు తోలుకపో' అన్నడు. గంతే జరిగింది."

కాక కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాను. బాపు నడిపినన్నాళ్లూ పచ్చకు ఆగని బండిని, నా కోసం ఆ చెరువు కట్ట మీద కూర్చుని, మాటల్లో ఒక్కసారి ఆపాడు. నాకు తెలియనివ్వలేదు. కాక దగ్గర సెలవు తీసుకుని, రైల్వే క్వార్టర్ల పక్కగా నడుస్తూ బస్టాపుకు వచ్చాను. అప్పటి నుంచి ఒకటే గుర్తు చేసుకుందామని చూస్తున్నాను. ఆ ఆదివారం, బాపు తుమ్మచెట్టు కింద ఒక్కడే కూర్చున్నప్పుడు, ఇంట్లో నేను ఏం చేస్తున్నానో. చదువుకున్నానా, పడుకున్నానా, అమ్మతో బియ్యం ఏరానా? ఆ ముందు ఆదివారం ఆరేసిన దిండు గలేబులతో సహా గుర్తుంది. ఆ ఒక్క రోజు మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు.